ఇంట్లో చూసిన ఇళ్ల కథలు



ఈమధ్య మా ఇంట్లో చూసిన కొన్ని సినిమాలు, సిరీస్‌ల గురించి ఈ పూట మీతో మాట్లాడాలని వచ్చాను. కొత్తగా వచ్చినవన్నీ చూసేసి మార్కులు వేయడం నా ఉద్దేశం కాదు. వీటిలో కొన్ని వచ్చి నాలుగైదేళ్లు దాటింది. కొన్ని ఆలస్యంగా చూశాం, కొన్ని రెండోసారి చూశాం. అన్నీ చూశాక నాకు గట్టిగా అనిపించిందొకటి ఉంది. ఇంటి గురించి తీసిన కథను సినిమా హాల్లో చూస్తే ఒక రకం, ఇంట్లో చూస్తే ఇంకో రకం. హాల్లో పక్క సీటాయన ఎవరో మనకు తెలియదు. లైట్లు వేశాక ఎవరి దారి వారిది. ఇంట్లో అలా కుదరదు. తెర మీద అత్తగారుంటే సోఫాలో అత్తగారుంటుంది, తెర మీద తండ్రి ఉంటే కుర్చీలో తండ్రి ఉంటాడు. ఎవరి కథ నడుస్తోందో ఆ మనిషే మన పక్కన కూర్చుని వేయించిన పల్లీలు తింటూ ఉంటే, ఆ కథ మనల్ని అంత తేలిగ్గా వదలదు.

సినిమా ఇంటికి రావడం మనకు కొత్తేమీ కాదు. సంక్షిప్త శబ్దచిత్రం విన్నవాళ్లు ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో చాలామందే ఉంటారు. రెండున్నర గంటల సినిమాని కుదించి, మాటలూ పాటలూ రేడియోలో వినిపించేవారు. బొమ్మ మనమే ఊహించుకునేవాళ్లం. తర్వాత వీధికొక టీవీ వచ్చింది, దూరదర్శన్‌లో సినిమా వేస్తే ఆ ఇంటి వసారా నిండిపోయేది. ఆ తర్వాత పెళ్లిళ్లకీ పండగలకీ వీసీఆర్ అద్దెకు తెచ్చుకుని తెల్లవార్లూ చూడడం. అప్పట్లో ఒక్క తెర ముందు వీధి మొత్తం కూర్చునేది. ఇప్పుడు ఇంట్లో ఐదుగురుంటే ఐదు ఫోన్లలో ఐదు సినిమాలు నడుస్తున్నాయి. మా ఇంట్లో అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాం. శనివారం రాత్రి హాల్లో ఉన్న టీవీలో ఒకటే బొమ్మ. మా అమ్మ, మా ఆవిడ, డిగ్రీ చదివే మా అమ్మాయి, తొమ్మిదో తరగతి మా వాడు, నేను. చూశాక ఎవరికి తోచింది వాళ్లు చెప్పాలి.

అలా చూసినవాటిలో అందరి నోళ్లూ మూయించిన సినిమా ద గ్రేట్ ఇండియన్ కిచెన్. మలయాళంలో జియో బేబీ రాసి తీశారు. 2021 సంక్రాంతి రోజుల్లో, జనవరి 15న, నీస్ట్రీమ్ అనే చిన్న ఓటీటీలో విడుదలైంది. పేరున్న పెద్ద సంస్థలు మొదట్లో తీసుకోలేదు. జనం ఒకరికొకరు చెప్పుకుని చెప్పుకుని దాన్ని పైకి తెచ్చారు. కేరళ ప్రభుత్వం ఉత్తమ చిత్రం అవార్డు కూడా ఇచ్చింది. కథ ఎంతని? నాట్యం వచ్చిన ఒక అమ్మాయి, పేరున్న పాత కుటుంబంలోకి కోడలిగా వెళ్లి, ఆ ఇంటి వంటగదిలో పనిచేస్తుంది. నిమిషా సజయన్ ఆ అమ్మాయి. సూరజ్ వెంజారమూడు ఆమె భర్త, బడిలో పాఠాలు చెప్పే మాస్టారు. ఆ ఇద్దరికీ సినిమాలో పేర్లే ఉండవు.

మీరు రేడియో వినేవాళ్లు కాబట్టి దీని గురించి చెవితో చెబుతాను. ఈ సినిమాలో నేపథ్య సంగీతం లేదనే చెప్పాలి. వినిపించేదల్లా కత్తిపీట, కొబ్బరి తురుము, నూనెలో ఆవాలు చిటపటలాడడం, గిన్నె మీద గిన్నె పెట్టిన చప్పుడు, చీపురు నేలను రాసుకోవడం. మొదట్లో ఆ శబ్దాలు కమ్మగానే ఉంటాయి, నోరూరుతుంది కూడా. మర్నాడు మళ్లీ అవే. ఆ మర్నాడూ అవే. సింకు కింద గొట్టం కారుతుంటుంది. ప్లంబర్‌ని పిలవమని ఆమె భర్తకు చెబుతుంది, అతను మర్చిపోతాడు. మళ్లీ చెబుతుంది, మళ్లీ మర్చిపోతాడు. ఆ కారే నీళ్లు గంటన్నర సేపు మన చెవిలో పడుతూనే ఉంటాయి. అందుకే ఈ సినిమాను పది సెకన్లు, పది సెకన్లు ముందుకు నెట్టుకుంటూ చూడొద్దని నా మనవి. ఒకటే పని మళ్లీ మళ్లీ చూపిస్తున్నాడేమిటని మనకు విసుగు పుట్టాలి. ఆ విసుగు మనకు రెండు గంటలు కూడా ఉండదు. ఆమెకు రోజూ ఉంటుంది.

ఆ ఇంటి మామగారు గొంతు పెంచడు. చాలా మెల్లగా, మర్యాదగానే చెబుతాడు. అన్నం కుక్కర్లో వద్దమ్మా, కట్టెల పొయ్యి మీద వండితే బాగుంటుంది అంటాడు. నా బట్టలు మాత్రం మిషన్లో వేయొద్దు, పాడైపోతాయి అంటాడు. పొద్దున్నే పళ్లు తోముకునే బ్రష్షు కూడా భార్య తెచ్చి చేతికివ్వాలి. మగవాళ్లిద్దరూ తిని లేచాక నమిలి పడేసిన పిప్పీ, ముక్కలూ బల్ల మీదే ఉంటాయి. ఆడవాళ్లు ఆ బల్ల దగ్గరే కూర్చుని తినాలి. ఒక రోజు కొడుకూ కోడలూ హోటల్‌కు వెళతారు. అక్కడ అతను పిప్పి అంతా తీసి ఒక పక్కన శుభ్రంగా పెడతాడు. హోటల్లో పద్ధతులు బాగానే తెలుసే అని ఆమె నవ్వుతూ అంటుంది. అంతే, అతని ముఖం మాడిపోతుంది. ఇంటికొచ్చాక క్షమాపణ చెప్పించుకునేదాకా ఊరుకోడు. మొత్తం సినిమాలో నన్ను బాగా పట్టుకున్నది ఆ హోటల్ ఘట్టమే. కొట్టడం తిట్టడం ఏమీ లేకుండా ఒక మనిషిని ఎంత తక్కువ చేయవచ్చో అక్కడ తెలిసిపోతుంది.

మా అమ్మకు మలయాళం రాదు, కింద వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదవలేదు. మా అమ్మాయి పక్కన కూర్చుని ఒక్కో మాటా చెబుతూ వచ్చింది. అరగంటయ్యేసరికి చెప్పడం మానేసింది. నాయనమ్మకు అవసరం లేకపోయింది. సినిమా మధ్యలో అమ్మ ఒకసారి లేచి పాలు తోడేసి వచ్చింది. వచ్చి కూర్చున్నాక ఒక మాట అంది. "ఆ అత్తగారు మంచిదే పాపం. కూతురి పురిటికని ఆవిడ వెళ్లాకే కదా, ఈ పిల్లకు పని ఎంతుందో తెలిసింది. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ బరువు ఆవిడే మోసింది. ఎవరూ చూడలేదు." ఈ సినిమా మీద వచ్చిన రాతలు నేను చాలా చదివాను. అత్తగారి వైపు నుంచి ఇంత సూటిగా చెప్పిన మాట నాకు వాటిలో కనబడలేదు. యాభై ఏళ్లు వంటగదిలో ఉన్న మనిషి కంటికే అది ఆనింది.

ఇదే కథను హిందీలో మిసెస్ పేరుతో తీశారు. సాన్యా మల్హోత్రా ప్రధాన పాత్ర, 2025 ఫిబ్రవరిలో జీ5లో వచ్చింది. బాగానే ఉంది, నటనకు వంక పెట్టలేం. కాకపోతే అందులో వంటగది మరీ అందంగా, వెలుతురుగా ఉంది. మలయాళంలో ఉన్న ఆ తడి, ఆ మసి, ఆ కంపు తగ్గాయి. రెండింటిలో ఒకటే చూసే తీరిక ఉంటే మలయాళందే చూడండి.

కేరళ నుంచే ఇంకొకటి, హోమ్. రోజిన్ థామస్ దర్శకుడు. 2021 ఆగస్టులో, ఓనం రోజుల్లో ప్రైమ్ వీడియోలో వచ్చింది. ఇందులో ఇంద్రన్స్ అనే నటుడు ఆలివర్ ట్విస్ట్ అనే పెద్దాయన వేషం వేశారు. ఆయన ఒకప్పుడు వీడియో క్యాసెట్ల దుకాణం నడిపాడు. పెద్ద కొడుకు సినిమా దర్శకుడు, రెండో సినిమా కథ రాయడానికి ఇంటికొస్తాడు. ఒళ్లో ఎప్పుడూ ఫోనే. తండ్రి పలకరిస్తే ఊఁ అంటాడు, తల ఎత్తడు. కొడుకు ఆ ఫోన్‌లోనే ఉన్నాడు కాబట్టి నేనూ ఫోన్ నేర్చుకుంటే వాడికి దగ్గరవుతానని ఆ తండ్రి ఆశ. కొత్త ఫోన్ కొంటాడు, చిన్న కొడుకు దగ్గర నేర్చుకుంటాడు, ఒకసారి పొరపాటున ఏదో నొక్కి లోకమంతా చూసేలా ఇంటి మాటలన్నీ బయటపెట్టేస్తాడు.

ఇంద్రన్స్ సినిమాల్లోకి రాకముందు దర్జీ. తర్వాత సినిమాలకు బట్టలు కుట్టారు, చాలా ఏళ్లు నవ్వించే చిన్న వేషాలు వేశారు. అంత సన్నటి మనిషి, అంత మెత్తటి గొంతు. కొడుకు విసుక్కున్నప్పుడు ఆయన ముఖంలో కోపం రాదు, బాధ కూడా పైకి కనపడనివ్వడు. తప్పు తనదేనేమో అన్నట్టు చిన్నగా నవ్వుతాడు. ఆ నవ్వు దగ్గర మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టేసింది. జాతీయ అవార్డుల్లో ఈ సినిమాకు ఉత్తమ మలయాళ చిత్రం, ఇంద్రన్స్‌కు ప్రత్యేక ప్రశంస దక్కాయి. రెండో సగం బాగా సాగదీశారు. ఆలివర్ మంచితనాన్ని నిరూపించడానికి ఒక పాత సంగతిని తవ్వి తీశారు, అది నాకు అనవసరం అనిపించింది. ఆ నవ్వే నిరూపణ. ఇంకో సాక్ష్యం ఎందుకు?

మన తెలుగు సిరీస్ 90స్, ఎ మిడిల్ క్లాస్ బయోపిక్ మీలో చాలామంది చూసే ఉంటారు. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో ఆరు భాగాలుగా వచ్చింది, ఆదిత్య హాసన్ దర్శకుడు. లెక్కల మాస్టారు చంద్రశేఖర్‌గా శివాజీ, ఆయన భార్య రాణిగా వాసుకి. ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకం, పైసా పైసా లెక్క చూసే నాన్న, పొద్దున్న లేస్తే ఉప్మా. మా ఇంట్లో ఇది నడిచినంతసేపూ నవ్వులే. కానీ మలయాళ వంటగది చూసి వచ్చిన కళ్లతో చూస్తే రాణి వైపు మనసు పోతుంది. పిల్లలు ఉప్మా వద్దని పేచీ పెట్టడం మనకు నవ్వులాట. ఆమెకు అది నెలాఖరు. ఇంట్లో ఉన్న సరుకుల్లో త్వరగా అయ్యేదీ, అందరి కడుపూ నిండేదీ అదే. సిరీస్ ఆ సంగతిని తాకుతుంది, ఆగి చూడదు. తండ్రి కాఠిన్యాన్ని కూడా చివరికి ముద్దు చేసేస్తుంది. అప్పటి పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లయి ఆ రోజుల్ని తలుచుకుని మురిసిపోతున్నారు, సంతోషమే. ఆ మార్కుల లెక్కలో నిజంగా నలిగిపోయిన పిల్లల కథ కూడా ఎవరైనా ఇంత శ్రద్ధగా తీస్తే బాగుంటుంది.

ఇక అడొలెసెన్స్. ఇది ఇంగ్లండులో తీసిన సిరీస్, 2025 మార్చిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. నాలుగే భాగాలు. ఒక్కో భాగం గంటకు కాస్త అటూఇటూ ఉంటుంది, ఒక్కో భాగమూ ఒకే షాట్. కెమెరా మొదలైందంటే చివరిదాకా ఆగదు, ఎక్కడా అతుకు లేదు. ఫిలిప్ బరాంటిని దర్శకుడు. జాక్ థోర్న్‌తో కలిసి రాసిన స్టీఫెన్ గ్రాహమ్ అందులో తండ్రి పాత్ర కూడా వేశారు. తెల్లవారుజామున పోలీసులు ఒక ఇంటి తలుపు బద్దలుకొట్టి లోపలికి వెళతారు. పదమూడేళ్ల జేమీ అనే పిల్లవాణ్ని మంచం మీదినుంచి లేపి తీసుకుపోతారు. తన బడిలోనే చదివే ఒక అమ్మాయిని చంపాడని నేరం. చంపాడా లేదా అన్న సందేహం మొదటి భాగంలోనే తీరిపోతుంది. తర్వాత మూడు భాగాలూ ఎందుకు అన్నదాని చుట్టూనే.

పెద్దవాళ్లం ముందు మేమిద్దరమే చూశాం. తర్వాత మా అమ్మాయితో కలిసి మళ్లీ చూశాం. మా వాణ్ని ఇంకా కూర్చోబెట్టలేదు, ఒకటి రెండేళ్లు ఆగి చూపిస్తాం. రెండో భాగంలో పోలీసు అధికారి బడికి వెళతాడు. అదే బడిలో అతని కొడుకూ చదువుతున్నాడు. ఆ కొడుకు తండ్రిని పక్కకు పిలిచి, మీకు ఏమీ అర్థం కావడం లేదు నాన్నా అన్న ధోరణిలో, ఇన్‌స్టాగ్రామ్‌లో పిల్లలు పెట్టుకునే బొమ్మల అర్థాలు విడమరిచి చెబుతాడు. స్నేహంగా పెట్టిన బొమ్మలనుకున్నవి నిజానికి వెక్కిరింతలని అప్పుడు ఆ అధికారికి తెలుస్తుంది. హృదయం బొమ్మ ఎరుపైతే ఒక అర్థం, ఊదా అయితే ఇంకొకటి. అక్కడ మా అమ్మాయి రిమోట్ తీసుకుని ఆపింది. "ఇవి మా కాలేజీలోనూ ఉన్నాయి నాన్నా, కొన్ని వేరేగా ఉంటాయి" అని అవేమిటో చెప్పుకొచ్చింది. తెర మీద ఒక కొడుకు తండ్రికి చెబుతున్నాడు, ఇటు ఒక కూతురు తండ్రికి చెబుతోంది. ఆ రాత్రి ఆ భాగం పూర్తికాలేదు. మాటల్లోనే పన్నెండయింది.

మూడో భాగం ఒకే గదిలో నడుస్తుంది. జేమీ, అతనితో మాట్లాడడానికి వచ్చిన మనస్తత్వ నిపుణురాలు, ఇద్దరే. జేమీగా వేసిన ఓవెన్ కూపర్ అనే అబ్బాయికి ఇదే తొలి నటన, అందులోనూ ముందు చిత్రీకరించింది ఈ భాగమే. ఒక నిమిషం చాక్లెట్ పాలు తాగే పసివాడు, మరు నిమిషం కుర్చీలోంచి లేచి ఆమె మీదికి అరిచే మగవాడు. ఆ మార్పు ఎక్కడ జరిగిందో మనం పట్టుకోలేం. ఆ వేషానికే అతను 2025లో, పదిహేనేళ్ల వయసులో, ఎమ్మీ అవార్డు అందుకున్నాడు. నటనకు ఎమ్మీ పొందిన మగవాళ్లలో అంత చిన్నవాడు ఇంతకు ముందు లేడు.

నాలుగో భాగంలో ఆ అమ్మానాన్నలు పడగ్గదిలో కూర్చుని తమను తాము ప్రశ్నించుకుంటారు. తండ్రి ప్లంబర్, పొద్దున వెళితే రాత్రికి వచ్చేవాడు. తన తండ్రి తనను బెల్టుతో కొట్టాడు, నేను నా పిల్లల్ని అలా కొట్టనని ఒట్టు పెట్టుకుని నిలబెట్టుకున్నాడు. కొడుకును ఫుట్‌బాల్‌కు తీసుకెళ్లాడు. వాడికి ఆట రాలేదు, మిగతా తండ్రులు నవ్వారు. అప్పుడు తాను వాడి వైపు చూడలేక ముఖం తిప్పుకున్నాడు. వాడు అది చూశాడు. వాడు బడినుంచి రాగానే పైన తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవాడు, అర్ధరాత్రి దాటినా లైటు వెలుగుతుండేది. గదిలోనే ఉన్నాడు కదా, వాడికేం భయమని వీళ్లనుకున్నారు. ఇంటర్ చదివే పిల్లవాడు గది తలుపేసుకుంటే చదువుకుంటున్నాడులే అని మనమూ అనుకునే ఊళ్లు హైదరాబాదు నుంచి విశాఖదాకా ఎన్ని లేవు? ఇంగ్లండులో ఈ సిరీస్‌ను ఉన్నత పాఠశాలలన్నింటికీ ఉచితంగా అందుబాటులో పెట్టారు. తెలుగులో ఇలాంటిది ఒకటి రావాలి. ఆ పిల్లవాడు మాట్లాడే తెలుగు ఇప్పటి పిల్లల తెలుగే కావాలి, ఆ గోడ మీద కాలేజీ ర్యాంకుల క్యాలెండర్ వేలాడుతుండాలి.

ఇంట్లో చూసే సినిమాల గురించి ఇంత చెప్పి బలగం గురించి చెప్పకపోతే నాకే బాగుండదు. వేణు ఎల్దండి దర్శకత్వంలో 2023 మార్చి 3న హాళ్లలోకి వచ్చింది, మూడు వారాలకే ప్రైమ్ వీడియోలోకి వచ్చేసింది. అందరి ఇళ్లలోనూ ఉన్న ఆ సినిమాను తెలంగాణ పల్లెలు మళ్లీ బయటికి తెచ్చాయి. ఊరి నడుమ తెర కట్టి, చాపలు పరిచి, ఊరు ఊరంతా కూర్చుని చూసింది. ఫోన్‌లో చూడగలిగినవాళ్లు కూడా వచ్చి అక్కడే కూర్చున్నారు.

ఎందుకలా జరిగిందంటే, అది ఒక కుటుంబంలోని పగ కథ. కొమురయ్య తాత చనిపోయాడు. పిట్టకు పెడితే కాకి ముట్టదు. కొడుకులకూ అల్లుడికీ ఏళ్లుగా మాటల్లేవు. కారణం ఏమిటని తవ్వితే, ఎప్పుడో విందులో అల్లుడి కంచంలో నల్లిబొక్క పడలేదు. ఒక ఎముక ముక్క! ఇలాంటి సంగతి మన ప్రతి ఇంట్లో ఒకటుంటుంది. పెళ్లి పత్రికలో పేరు రాయలేదనో, చీర తక్కువదనో, ముందు వాళ్లను పిలిచారనో. దాన్ని నలుగురి మధ్య కూర్చుని చూస్తే, ఆ నలుగురిలో ఆ పగ తెలిసినవాళ్లు ఉంటారు. ఎవరి వైపు చూడాలో తెలియక అందరూ తెర వైపే చూస్తారు. చివర బుర్రకథగా ఆ కుటుంబం కథను ఎత్తుకునే కొమురమ్మ, మొగిలయ్య దంపతులు వరంగల్ జిల్లా నుంచి వచ్చిన కళాకారులు, జీవితమంతా పాడినవాళ్లు. మొగిలయ్యగారు 2024 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన గొంతులో ఉన్న ఆ జీర, పక్కనుంచి అందుకునే కొమురమ్మగారి గొంతు, వీలైతే టీవీ శబ్దం కాస్త పెంచి వినండి.

ప్రస్తుతం మా ఇంట్లో సివరపల్లి నడుస్తోంది. హిందీ పంచాయత్‌కు తెలుగు రూపం, 2025 జనవరిలో ప్రైమ్ వీడియోలో వచ్చింది, ఎనిమిది భాగాలు. బలగంలో అల్లుడూ కూతురూ అయిన మురళీధర్ గౌడ్, రూపలక్ష్మి ఇందులోనూ మొగుడూ పెళ్లాలే. సర్పంచి ఆవిడ, పెత్తనం ఆయనది. హిందీలో ఉన్న ఘట్టాలను దాదాపు అలాగే దించారు, అది లోపమే. మన పంచాయతీ ఆఫీసుల్లో జరిగే సంగతులకు కొదవా? అయినా మురళీధర్ గౌడ్ నోరు విప్పితే చాలు, ఆ యాస, ఆ నిదానం, ఆ కళ్లల్లో లెక్క, ఊరు ఎదురుగా వచ్చి నిలబడుతుంది. హిందీదే మేలని మా అమ్మాయి అంటోంది. రఘువీర్ యాదవ్, నీనా గుప్తా ముందు ఎవరూ నిలవరట. ఆ సర్పంచి మొగుడు అచ్చం మా మేనమామలా మాట్లాడుతున్నాడు, నాకు ఇదే బాగుంది అని అమ్మ. ఇంకా రెండు భాగాలు మిగిలాయి. వచ్చే శనివారానికి ఆ వాదన తేలుతుందని నాకేమీ నమ్మకం లేదు.